మహావాణిజ్య సంస్థలలో స్వామి-అమాత్య వ్యవస్థ : సత్యం ఉదంతంపై రాజనీతి పరిశీలన

1. విషయోపక్రమం

రాజ్యాన్ని నడిపే విధానాన్ని నిరూపించే శాస్త్రానికి మన పూర్వులు రాజనీతి, దండనీతి, అర్థశాస్త్రం అని పలు పేర్లు పెట్టినారు. సంస్కృతంలో కౌటిల్యుడు మొదలుకొని కామందకుని వరకు, తెలుగులో బద్దెన మొదలుకొని మడికి సింగన వరకు ఈ శాస్త్రాన్ని పరామర్శించినవారు అనేకులు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో రాజనీతికి విస్తారమైన స్థానమిచ్చినాడు. ఈ గ్రంథాలను మన కళాశాలలలో గతకాలపు రాజ్యవ్యవస్థను తెలుసుకొనడానికి మాత్రమే పఠించడం ఆచారంగా వస్తున్నది. కాని నేడు వేలకొలది ఉద్యోగులు, లక్షలకొలది వాటాదారులు, అనేక దేశాలలో శాఖలు కలిగిన కంపెనీలు చిన్న రాజ్యాలతో సరితూగే పరిమాణానికి పెరిగినాయి. వీటికి కోశమున్నది, మంత్రాంగమున్నది, మిత్రామిత్ర విచారమున్నది. అందువల్ల వీటి నేతృత్వాన్ని, పరిపాలనను రాజనీతి పరిభాషలో పరిశీలించడం అసంగతం కాదు.

ఇందుకు ఉదాహరణలను దూరదేశాలలో వెదకవలసిన పని లేదు. హైదరాబాదుకు పడమట, గచ్చిబౌలి ప్రక్కన ఉన్న మణికొండ ఒకనాడు గుట్టల నడుమ ఉన్న జాగీరు గ్రామం. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూర్‌లో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన తరువాత ఆ చుట్టుప్రక్కల గ్రామాల స్వరూపమే మారిపోయినది. మణికొండ 2018లో పురపాలక సంఘమైనది. ఈ ప్రాంతంతో ముడిపడిన రెండు పెద్ద సంస్థల పతనం మన పరిశీలనకు వస్తువు. మొదటిది మాదాపూర్‌లో ప్రధాన ప్రాంగణాన్ని నెలకొల్పుకొన్న సత్యం కంప్యూటర్ సర్వీసెస్. రెండవది మణికొండ గుట్టలపై లాంకో హిల్స్ పేరుతో భవన సముదాయాన్ని తలపెట్టిన లాంకో వర్గం. మొదటిది లెక్కలలోని అసత్యం వల్ల, రెండవది శక్తికి మించిన విస్తరణ వల్ల దెబ్బతిన్నవి. ఈ భేదాన్ని మరువరాదు. ఈ వ్యాసంలో మొదటిదానికే ప్రాధాన్యం ఇవ్వబడుతున్నది.

2. సప్తాంగాలు - కంపెనీ అంగాలు

స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రం అని రాజ్యానికి ఏడు అంగాలు. వీటిని కంపెనీకి అన్వయించినప్పుడు అమాత్యస్థానంలో డైరెక్టర్లు, ముఖ్యాధికారులు. జనపదస్థానంలో ఉద్యోగులు, ఖాతాదారులు. కోశస్థానంలో మూలధనం, నిల్వలు. మిత్రస్థానంలో బ్యాంకులు, వ్యాపార భాగస్వాములు సులభంగానే సరిపోతారు. చిక్కంతా మొదటి అంగంతోనే. కంపెనీకి స్వామి ఎవరు?

లోకవ్యవహారంలో స్థాపకుడే స్వామి. ఫలానా కంపెనీ ఫలానా వారిదని జనులు అంటారు, పత్రికలు వ్రాస్తాయి. వాటాదారులే స్వాములని వాణిజ్యశాస్త్రం చదివినవారు అంటారు. న్యాయశాస్త్రం ఈ రెంటినీ పూర్తిగా అంగీకరించదు. 1897లో ఇంగ్లండులో సాలమన్ వ్యాజ్యంలో వెలువడిన తీర్పు మొదలుకొని కంపెనీ అన్నది తన సభ్యులకంటె భిన్నమైన న్యాయకల్పిత వ్యక్తి. కంపెనీ ఆస్తిలో వాటాదారునకు నేరుగా స్వామ్యం లేదని, ప్రకటించిన లాభాంశంలో, కంపెనీ మూతపడినప్పుడు మిగిలిన దానిలో మాత్రమే అతనికి భాగముంటుందని మన సుప్రీంకోర్టు 1954లో బచా గుజ్దార్ వ్యాజ్యంలో నిర్ణయించినది. అనగా కంపెనీ ఆస్తికి కంపెనీయే స్వామి.

ఈ భావన ఆధునికుల సృష్టి అని భ్రమపడనక్కరలేదు. మనకు అత్యంత పరిచితమైన దృష్టాంతం దేవాలయం. మాన్యాలు, ఆభరణాలు దేవునివి. ఆలయం కట్టించినవాడు వానికి స్వామి కాడు, దానమిచ్చినవాడు కాడు, పూజించే అర్చకుడు కాడు, నిర్వహించే ధర్మకర్త అసలే కాడు. దేవతావిగ్రహం న్యాయదృష్టిలో వ్యక్తియేనని 1925లో ప్రివీ కౌన్సిల్ ప్రమథనాథ మల్లిక్ వ్యాజ్యంలో స్పష్టపరచినది. దేవుడు మాట్లాడడు, కావున ఆయన పక్షాన మాట్లాడవలసిన బాధ్యత ధర్మకర్తలది. కంపెనీ కూడా మాట్లాడదు. దాని పక్షాన మాట్లాడవలసినది డైరెక్టర్ల బోర్డు. ఆలయ నిర్మాత వంశంవారు మాన్యాన్ని సొంతభూమిగా భావించినప్పుడు ఏ అనర్థం పుట్టునో, స్థాపకుడు కంపెనీ ధనాన్ని సొంతధనంగా భావించినప్పుడు అదే అనర్థం పుడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అనువంశిక ధర్మకర్తృత్వాన్ని 1987 నాటి దేవాదాయ చట్టం రద్దు చేసినది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించినది. సత్యం కంప్యూటర్స్ స్థాపించబడినది కూడ ఆ 1987లోనే కావడం యాదృచ్ఛికమే అయినా గమనింపదగినది.

3. సత్యం ఉదంతం

బి. రామలింగరాజు 1987 జూన్‌లో హైదరాబాదులో ఈ సంస్థను స్థాపించినారు. 1990 దశకం ఆరంభంలో అది ప్రజల నుండి వాటాధనం సేకరించినది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో చేరినది. 2008 నాటికి అందులో పనిచేసేవారు సుమారు 53 వేలమంది. దేశంలోని సాఫ్ట్‌వేర్ సంస్థలలో నాలుగవ స్థానం దానిదని లెక్కించేవారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో సంస్థల సుపరిపాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారం దానికి లభించినది. గ్రామాభివృద్ధికి పనిచేసిన బైర్రాజు ఫౌండేషన్, 2005లో ఆరంభమైన 108 అత్యవసర వాహన సేవ స్థాపకుని కీర్తిని ఇంటింటికి చేర్చినవి. ఆ సేవ వల్ల ఎందరి ప్రాణాలో నిలిచినవన్నది కాదనలేని విషయం. అయితే ధర్మకార్యంలో సంపాదించిన పేరు అర్థవిషయంలో శుచిత్వానికి ప్రమాణం కాదు. అమాత్యులను ధర్మ, అర్థ, కామ, భయోపధలనే నాలుగు పరీక్షలతో వేరువేరుగా శోధించి, ఏ పరీక్షలో నెగ్గినవారిని ఆ పనికే నియమించమని కౌటిల్యుడు చెప్పడంలోని సూక్ష్మం ఇదే. ధనాగారానికి నియమింపవలసినవాడు అర్థోపధాశుద్ధుడు.

2008 డిసెంబరు 16న బోర్డు ఒక తీర్మానం చేసినది. స్థాపకుని కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని సుమారు 160 కోట్ల డాలర్లకు సత్యం కొనుగోలు చేయాలన్నదే ఆ తీర్మానం. మేటాస్ అన్న పేరు సత్యం అన్న పేరులోని ఇంగ్లీషు అక్షరాలను వెనుకనుండి చదివితే వచ్చేదే. సాఫ్ట్‌వేర్ సంస్థకు భూములు, కట్టడాలతో పని ఏమని మదుపుదారులు మండిపడినారు. న్యూయార్క్‌లో వాటా విలువ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయినది. కొన్ని గంటలలోనే తీర్మానాన్ని ఉపసంహరించుకొన్నారు. ప్రపంచ బ్యాంకు తన ఒప్పందాల నుండి సత్యంను ఎనిమిదేళ్ళపాటు నిషేధించిన సంగతి కూడ ఆ నెలలోనే ధ్రువపడినది. డిసెంబరు ముగిసే లోపల నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేసినారు.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు లేఖ వ్రాసి లెక్కలలోని అసత్యాన్ని తామే ఒప్పుకొన్నారు. ఆ లేఖ ప్రకారం నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు లేనివి. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు లేనిది. 1,230 కోట్ల అప్పు పుస్తకాలకెక్కలేదు. ఖాతాదారుల నుండి రావలసిన బాకీలు 490 కోట్ల మేర ఎక్కువగా చూపబడినవి. ఈ నాలుగింటి మొత్తం 7,136 కోట్లు. 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో 2,700 కోట్ల రాబడి, 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటింపగా అసలు రాబడి 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు మాత్రమే. అనగా ఇరవైనాలుగు శాతంగా చూపిన లాభం నిజానికి మూడు శాతం. మేటాస్ కొనుగోలు ఈ లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను చేర్చడానికి చేసిన కడపటి ప్రయత్నమని కూడ ఆ లేఖలోనే ఉన్నది. ఆనాడు బొంబాయి స్టాక్ ఎక్స్చేంజిలో వాటా ధర సుమారు 78 శాతం పడిపోయి నలభై రూపాయలకు దిగినది.

ఇక్కడ ఒక విశేషం కలదు. మోసగాడు సాధారణంగా ఉన్న ధనాన్ని దాచి లేదంటాడు. ఇక్కడ లేని ధనాన్ని ఉన్నదన్నారు. ఇది కొత్త విద్యగా పలువురికి తోచినది. కాని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అధికారులు ధనాపహరణం చేసే నలభై ఉపాయాలను కౌటిల్యుడు లెక్కించినాడు. వసూలైనదానిని కానట్లు చూపడంతోపాటు, వసూలు కానిదానిని అయినట్లు చూపడం, కొద్దిగా వచ్చినదానిని ఎక్కువగా వ్రాయడం కూడ ఆ పట్టికలో ఉన్నవి. సి.బి.ఐ. పరిశోధనలో బయటపడిన ఏడువేలకు పైగా బూటకపు బిల్లులు ఈ తరగతికి చెందినవే. హెచ్చుగా చూపిన లాభం వల్ల వాటా ధర పెరుగుతుంది. పెరిగిన ధర వద్ద వాటాలను అమ్ముకొనవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. 2001లో సుమారు 25 శాతంగా ఉన్న స్థాపక కుటుంబపు వాటా 2008 నాటికి 9 శాతం లోపునకు దిగినది. అపహరణం కోశం నుండి కాక కోశంపై లోకానికి గల విశ్వాసం నుండి జరిగినదన్నమాట.

4. పూర్వపక్షం : ఇది అమాత్యవ్యసనమా?

అంగాలకు కలిగే ఆపదలకు వ్యసనాలని పేరు. అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో, స్వామివ్యసనం, అమాత్యవ్యసనం అనే రెండింటిలో ఏది గురుతరమన్న చర్చ ఉన్నది. మంత్రం, కార్యనిర్వహణం, ఆయవ్యయాలు అన్నీ అమాత్యులపై ఆధారపడినవి కావున అమాత్యవ్యసనమే గురుతరమని భారద్వాజుని మతం. అమాత్యులను నియమించేవాడు, వారి దోషాలను దిద్దేవాడు స్వామియే కావున, స్వామి శీలాన్నే ప్రకృతులు అనుసరిస్తవి కావున స్వామివ్యసనమే గురుతరమని కౌటిల్యుని సిద్ధాంతం.

సత్యం విషయంలోను ఇవే రెండు పక్షాలు ఏర్పడినవి. మొదటి పక్షం ప్రకారం దోషం బోర్డుది, ఆడిటర్లది. ఆ బోర్డులో అల్పులెవ్వరూ లేరు. కేంద్రప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐ.ఐ.టి. మాజీ డైరెక్టరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, హార్వర్డ్ ఆచార్యుడు, కంప్యూటర్ చిప్పుల రూపకల్పనలో ప్రఖ్యాతి గడించిన శాస్త్రజ్ఞుడు అందులో సభ్యులు. ఇంతటివారు కూడ డిసెంబరు 16 తీర్మానాన్ని ఒకే సమావేశంలో ఆమోదించినారు. కావున ఇది అమాత్యవ్యసనమే అని వారి వాదం. రెండవ పక్షం ప్రకారం స్థాపకుడు, ఆయనకు సన్నిహితులైన కొందరు కలిసి లెక్కలను మార్చినప్పుడు మూడు నెలలకొకసారి కూడే బోర్డు ఏమి చేయగలదు? కావున ఇది స్వామివ్యసనం.

ఈ రెండు పక్షాలూ స్థాపకుడే స్వామి అన్న ఊహను ప్రశ్నింపకుండ అంగీకరించినవి. పైన నిరూపించినట్లు కంపెనీలో స్థాపకుడు కూడ అమాత్యుడే. తొమ్మిది శాతమైనా వాటా లేని వ్యక్తి సంస్థ అంతటికీ స్వామిగా చలామణి కావడమే ఇక్కడి మూలవ్యసనం. స్వామిస్థానం శూన్యంగా కనిపించడం వల్ల, అమాత్యులలో ఒకడు ఆ ఆసనాన్ని ఆక్రమించినాడు; తక్కిన అమాత్యులు ఆయననే స్వామిగా భావించి కొలిచినారు. ఉపధాపరీక్షలన్నీ స్వామి అమాత్యులకు పెట్టేవి. స్వామిగా చలామణి అయ్యేవానికి పరీక్ష పెట్టేవారెవరు? ఈ ప్రశ్నకు రాచరికంలో పూర్తి సమాధానం లేదు. కంపెనీలో సమాధానం ఉండి తీరాలి. ఎందుకంటే అక్కడ రాజు లేడు.

5. మర్యాదాస్థాపనం

కౌటిల్యుడు ఈ ప్రశ్నను గమనింపకపోలేదు. రాజర్షివృత్తాన్ని చెప్పే సందర్భంలో, రాజు ఆచార్యులనుగాని అమాత్యులనుగాని తనకు మర్యాదగా, అనగా హద్దుగా నిలుపుకోవాలని, వారు అతనిని అపాయస్థానాల నుండి వారింపాలని, ఏకాంతంలో ప్రమత్తుడైనప్పుడు కాలాన్ని గుర్తుచేసి ములుకోలతో పొడిచినట్లు హెచ్చరింపాలని విధించినాడు. నేటి స్వతంత్ర డైరెక్టరు భావనకు ఇంతకంటె సమీపమైన ప్రాచీన రూపం దొరకదు.

అయితే ఇందులోని లోపాన్ని కూడ నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ మర్యాదాపురుషులను నియమించేది రాజే. వారికి హెచ్చరించే అధికారమున్నదిగాని నివారించే బలం లేదు. 2009కి ముందు మన స్వతంత్ర డైరెక్టర్ల స్థితి కూడ అదే. 1999లో కుమారమంగళం బిర్లా సంఘం సిఫారసులపై సెబీ 2000లో లిస్టింగు ఒప్పందంలో 49వ నిబంధన చేర్చినది. నారాయణమూర్తి సంఘం 2003లో ఇచ్చిన నివేదిక తరువాత సవరింపబడిన ఆ నిబంధన 2006 జనవరి నుండి అమలులోకి వచ్చినది. స్వతంత్ర డైరెక్టర్ల సంఖ్య, ఆడిట్ కమిటీ, ధ్రువపత్రాలు అన్నీ అందులో ఉన్నవి. సత్యంలో అవన్నీ కాగితంపై సక్రమంగానే ఉండినవి. కాని హద్దురాయి పాతేవాడు పొలం కబళింపదలచినవాడే అయినప్పుడు ఆ రాయి ఎక్కడ ఉంటే ఏమి?

మంత్రాధికారంలో కౌటిల్యుడు చెప్పిన మరొక విషయం ఇక్కడ ఉపయోగిస్తుంది. ఒక్క మంత్రితో ఆలోచించే రాజు అతని నిరంకుశత్వానికి లోనవుతాడు. ఇద్దరైతే వారు కుమ్మక్కు కావచ్చు. ముగ్గురు నలుగురైతే దోషం కష్టసాధ్యం. మంత్రిపరిషత్తు సంఖ్య విషయంలో మానవులు పన్నెండని, బార్హస్పత్యులు పదహారని, ఔశనసులు ఇరవై అని చెప్పగా, సామర్థ్యాన్నిబట్టి అని కౌటిల్యుడు తేల్చినాడు. సంఖ్య ప్రధానం కాదన్నది దీని సారం. తొమ్మిదిమంది కూర్చున్న బోర్డులో కూడ ప్రశ్నలు అడిగి, చివరకు అందరూ సమ్మతిస్తే ఆ మంత్రం ఏకమంత్రమే అవుతుంది.

6. అక్షపటలం : గణకులు, సూచకులు

అక్షపటలమంటే లెక్కల కార్యాలయం. ఆషాఢమాసాంతానికి గణకులందరు ముద్రవేసిన పుస్తకాలతో, నికరపు నిల్వలతో అక్కడకు రావాలని, వారిని ఒకరితో ఒకరిని మాట్లాడనీయక లెక్కలు తీసుకోవాలని అర్థశాస్త్ర విధి. ఆయవ్యయాలను, నిల్వను వేరువేరు మార్గాలలో సరిచూడడం దీని ఉద్దేశం. సత్యం విషయంలో లోపించినది సరిగ్గా ఇదే. ప్రైస్ వాటర్‌హౌస్ శాఖలు అనేక సంవత్సరాలు ఆ సంస్థ లెక్కలను తనిఖీ చేసినవి. బ్యాంకులలోని నిల్వలను బ్యాంకుల నుండి స్వయంగా నిర్ధారించుకోవలసి ఉండగా ఆ పనిని సంస్థ యాజమాన్యం చేతికే వదలినారని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో నిర్ణయించి 75 లక్షల డాలర్ల జరిమానా విధించినవి. ఇక్కడ 2018లో సెబీ విధించిన నిషేధాన్ని 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టివేసినది.

నీటిలో తిరిగే చేపల దృష్టాంతంతో అధికారుల అపహరణాన్ని కనిపెట్టడం ఎంత కష్టమో కౌటిల్యుడు చెప్పిన ఘట్టం ఈ పత్రిక పాఠకులకు సుపరిచితం. దానిని అందరూ ఉదాహరిస్తారు. దానికి సమీపంలోనే ఉన్న విధిని మాత్రం తక్కువగా స్మరిస్తారు. ప్రతి కార్యాలయం బహుముఖ్యంగా, అనిత్యంగా ఉండాలన్నది ఆ విధి. అనగా అధికారం ఒక్కరి చేతిలో ఉండరాదు. ఒకే స్థానంలో ఒకరు స్థిరపడిపోరాదు. 2013 కంపెనీల చట్టం 139వ సెక్షన్ ఆడిటరు వ్యక్తి అయితే ఐదేళ్ళకు, సంస్థ అయితే పదేళ్ళకు మార్చి తీరాలని శాసించడంలో ఈ అనిత్యత్వ సూత్రమే కనిపిస్తున్నది.

సూచకుని విషయం మరింత ఆలోచింపదగినది. అపహరణాన్ని తెలియజేసినవాడు దానిని నిరూపింపగలిగితే ఆ ధనంలో ఆరవ వంతు, అతడు ఆ కార్యాలయపు భృతకుడైతే పన్నెండవ వంతు పొందాలని కౌటిల్యుడు విధించినాడు. నిరూపింపలేకపోతే దండన కూడ ఉన్నది. సత్యంలో 2008 డిసెంబరు 18న మారుపేరుతో ఒక వ్యక్తి బోర్డు సభ్యునికి లేఖ పంపి నిల్వలు బూటకమని తెలిపినాడు. ఆ లేఖ ఆడిట్ కమిటీ అధ్యక్షునికి చేరినది. కాని బోర్డుగాని ఆడిటర్లుగాని ఆ బూటకాన్ని బయటపెట్టక ముందే స్థాపకుని లేఖ వచ్చినది. మారుపేరు పెట్టుకోవలసి రావడమే ఆ వ్యవస్థ స్థితిని చెప్పక చెబుతున్నది. 2013 చట్టం 177వ సెక్షన్ ఫిర్యాదుదారుల రక్షణకు ఏర్పాటు చేసినది. అంతర్గత సమాచారంతో వాటాల వ్యాపారం చేసేవారిని పట్టి ఇచ్చినవారికి, వసూలైన మొత్తంలో పదిశాతం వరకు, ఒక పరిమితికి లోబడి పారితోషికమిచ్చే విధానాన్ని సెబీ 2019లో తెచ్చినది. ఆరవ వంతు కాకపోయినా ఆ దారిలో ఇది ఒక అడుగు.

7. వ్యసన ప్రతీకారం

2009 జనవరి 7 తరువాత జరిగినది కూడ రాజనీతి విద్యార్థికి పాఠమే. స్వామి లేడన్న సంగతి ఆనాడు అందరికీ తెలిసినది. ప్రభుత్వం రెండు మార్గాలలో ఒకటి ఎన్నుకోవలసి ఉండినది: సంస్థను మూతపడనిచ్చి బాకీలు తీర్చడం, లేదా సంస్థను బ్రతికించి దోషులను వేరుచేయడం. కంపెనీ లా బోర్డు ఉత్తర్వుతో పాత బోర్డును తొలగించి జనవరి 11న కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, సి. అచ్యుతన్‌లను, మరికొన్ని రోజులలో తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనక్‌లను నియమించినది. కొత్త బోర్డు బ్యాంకుల నుండి 600 కోట్ల రుణం పొంది జీతాలు ఆగకుండ చూచినది, ఖాతాదారులను నిలుపుకొన్నది, మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో వేలం నడిపినది. ఏప్రిల్ 13న వాటా ఒక్కింటికి 58 రూపాయల ధరతో టెక్ మహీంద్రా 31 శాతం వాటాను పొందినది. నాలుగు నెలలలో ఒక మహాసంస్థ చేయి మారినది. 2013లో అది టెక్ మహీంద్రాలో విలీనమైనది.

యాజ్ఞవల్క్యస్మృతి సంభూయసముత్థాన ప్రకరణంలో కలసి వ్యాపారం చేసేవారికి ధర్మాలున్నవి. కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా ఈ వ్యవహారకాండ తెలుగువారికి పదమూడవ శతాబ్దంలోనే అందినది. లాభనష్టాలు పెట్టుబడినిబట్టి గాని ఒప్పందాన్నిబట్టి గాని పంచుకోవాలి. తక్కినవారు వారించినా వినకగాని, అనుమతి లేకగాని, ప్రమాదం వల్లగాని నష్టం కలిగించినవాడు దానిని భరించాలి. ఆపద నుండి ధనాన్ని రక్షించినవానికి పదవ వంతు ఇవ్వాలి. జిహ్ముడైన, అనగా కపటియైన భాగస్వామిని లాభం లేకుండ వెలివేయాలి. సత్యం విషయంలో చివరకు జరిగినది ఈ క్రమంలోనే ఉన్నది. సెబీ 2014 జులైలో రామలింగరాజు మొదలైనవారిని పద్నాలుగేళ్ళు వాటాల విపణి నుండి బహిష్కరించి 1,849 కోట్ల రూపాయలను వడ్డీతో తిరిగి కట్టుమన్నది. హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ళ శిక్ష విధించినది. ఆ మేలో పై న్యాయస్థానం శిక్షను నిలిపి బెయిలు ఇచ్చినది. అయితే స్మృతి విధించిన బహిష్కారం భాగస్వాములు చేయవలసినది. ఇక్కడ భాగస్వాములు కాక ప్రభుత్వం చేయవలసి వచ్చినది.

8. క్షయవ్యయలాభ విచారం

కపటం లేకపోయినా మహాసంస్థలు కూలుతాయి. లాంకో ఇందుకు ఉదాహరణ. కొండపల్లిలో గ్యాసు విద్యుత్ కేంద్రంతో పేరు పొందిన ఈ వర్గపు లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006లో ప్రజల నుండి వాటాధనం సేకరించినది. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, కర్ణాటకలలో బొగ్గు విద్యుత్ కేంద్రాలు, 2011లో సుమారు 75 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో గ్రిఫిన్ కోల్ గనులు, మణికొండలో వందకు పైగా ఎకరాలలో లాంకో హిల్స్ - ఇవన్నీ ఒకే దశాబ్దంలో తలకెత్తుకొన్నవి. కృష్ణా-గోదావరి క్షేత్రపు గ్యాసు తగ్గి, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు దాదాపు ఆగిపోయినది. మణికొండ భూమి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫుదా, ప్రభుత్వానిదా అన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచినది. 1,654 ఎకరాలకు సంబంధించిన ఆ వివాదాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 7న ప్రభుత్వ పక్షాన తీర్చినది. అప్పటికే ఆలస్యమైనది. నలభైవేల కోట్ల రూపాయలకు పైబడిన అప్పుతో లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2017లో దివాలా ప్రక్రియలో ప్రవేశించి, 2018 ఆగస్టులో ఆస్తుల విక్రయానికి ఆదేశింపబడినది.

అర్థశాస్త్రం తొమ్మిదవ అధికరణంలో క్షయవ్యయలాభ విపరిమర్శమనే ప్రకరణమున్నది. మనుషులు, వాహనాల నష్టం క్షయం; ధనధాన్యాల నష్టం వ్యయం. ఈ రెంటికీ మించిన లాభం కనిపించినప్పుడే యాత్రకు బయలుదేరవలెను. ఇక్కడ కావలసినది శుచిత్వం కాదు, పరిమాణజ్ఞానం. ఇంధనం ఎవరి చేతిలో ఉన్నది, భూమి ఎవరిది, అప్పు గడువెంత అన్న ప్రశ్నలను యాత్రకు ముందే అడగవలసినవారు కూడ ఆ మర్యాదాపురుషులే. దొంగతనాన్ని పట్టుకోవడం మాత్రమే బోర్డు పని అనుకోవడం పొరపాటని ఈ ఉదాహరణ చూపుతున్నది.

9. సిద్ధాంతం

సత్యం అనుభవం తరువాత వచ్చిన 2013 చట్టం చాలా మార్పులు తెచ్చినది. లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం మూడవ వంతు స్వతంత్రులుండాలని 149వ సెక్షన్, డైరెక్టర్ల విధులను స్పష్టంగా 166వ సెక్షన్, సొంతవారి సంస్థలతో లావాదేవీలపై 188వ సెక్షన్, వాటాదారుల సామూహిక వ్యాజ్యానికి 245వ సెక్షన్, మోసానికి పదేళ్ళ వరకు శిక్షకు 447వ సెక్షన్ ఏర్పడినవి. ఆడిటర్లపై పర్యవేక్షణకు 2018లో ప్రత్యేక జాతీయ సంస్థ ఏర్పడినది. 2022 జనవరి నుండి లిస్టెడ్ కంపెనీలలో స్వతంత్ర డైరెక్టరు నియామకానికి నాలుగింట మూడువంతుల ఓట్లు కావాలని సెబీ నిర్దేశించినది. అయినప్పటికీ స్థాపక కుటుంబానికి సగానికి మించిన వాటా ఉన్న సంస్థలలో వారికి నచ్చనివారు హద్దుగా నిలవడం నేటికీ కష్టమే. హద్దును నిలిపేవాడు హద్దులో ఉండవలసినవాడు కారాదన్న సూత్రం ఇంకా పూర్తిగా నెరవేరలేదు.

ఈ విచారం వల్ల రెండు విషయాలు తేలుతున్నవి. మొదటిది, కంపెనీలో స్థాపకుడు స్వామి కాడు, ధర్మకర్త. ఈ భావన చట్టంలో ఉన్నది, లోకంలో లేదు. దేవుని మాన్యాన్ని అనుభవింపరాదని బాల్యం నుండి ఎరిగిన మన సమాజానికి కంపెనీ ధనాన్ని కూడ ఆ దృష్టితో చూడడం నేర్పడం అసాధ్యం కాదు. రెండవది, అన్నీ మన శాస్త్రాలలోనే ఉన్నవన్న అతివాదం ఇక్కడ చెల్లదు. అమాత్యులను పరీక్షించే ఉపాయాలను కౌటిల్యుడు సమృద్ధిగా ఇచ్చినాడు. స్వామిని పరీక్షించే ఉపాయాన్ని మాత్రం స్వామి చేతికే వదలినాడు. ఆ లోటును పూరింపవలసిన బాధ్యత ఈ కాలానిది.

వ్యవహారకాండను, అర్థశాస్త్రం రెండవ అధికరణాన్ని బోధించే అధ్యాపకులు విద్యార్థులచేత ఒక కంపెనీ వార్షిక నివేదికను ప్రక్కన పెట్టుకొని చదివింపగలిగితే సంభూయసముత్థానం, అక్షపటలం, సూచకుడు అన్న మాటలు కేవలం పరీక్షకు కంఠస్థం చేసే పారిభాషిక పదాలుగా మిగిలిపోవు. రిటైరైన ఉపాధ్యాయుని భవిష్యనిధి, జీవిత బీమా చందా కూడ ఏదో ఒక మార్గంలో ఇటువంటి సంస్థల వాటాలలోకే చేరుతున్న ఈ రోజులలో అది అందరికీ అవసరమైన విద్య.